కడుపు నిండిన కోడికి లోటేమిటి?

2025 వేసవిలో తాడిపత్రి దగ్గరి పల్లెలో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. ఆమె గంప కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి నా అరచేతిలో ఉంచింది. దానికి పెంకు లేదు, పల్చటి పొర మాత్రమే ఉంది. వేలు ఆనిస్తే లోపలికి పోతోంది, తీస్తే మళ్లీ ఉబ్బుతోంది. "తోలుగుడ్డు అబ్బీ. ఈ వారంలో ఇది మూడోది. ఏం రోగం తగులుకుందో ఏమో" అంది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అప్పటి నుంచి మా వైపు కూడా కోడి కాస్త కునికితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షనే. పక్కింటాయన "రోగం కాదు, తిండి తక్కువైంటాది" అన్నాడు. పిన్నికి ఆ మాట నచ్చలేదు. "నా కోళ్లకు తిండి తక్కువా? పూటకు రెండు దోసిళ్ల బియ్యం చల్లుతాను!"

నిజంగానే చల్లుతుంది. కోళ్లు కూడా బక్కగా లేవు. మరి కడుపు నిండా తింటున్న కోడి పెంకు లేని గుడ్డు ఎందుకు పెట్టింది? తిండి చాలకపోవడం, తిండిలో సారం లేకపోవడం ఒకటి కావు. పెరటి కోళ్ల గురించిన గందరగోళం చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చిందే.

ఆకలి వేరు, లోపం వేరు

కోడికి తిండి నాలుగు రకాలుగా పనికొస్తుంది. తిరగడానికి, ఒళ్లు వెచ్చగా ఉండటానికి శక్తి కావాలి. అది బియ్యం, జొన్న, సజ్జ, మొక్కజొన్న లాంటి గింజల్లోని పిండి పదార్థం నుంచి వస్తుంది. కండ, ఈకలు, గుడ్డులోని సొన తయారు కావడానికి మాంసకృత్తులు, అంటే ప్రొటీన్ కావాలి. ఎముకకు, పెంకుకు కాల్షియం, భాస్వరం లాంటి ఖనిజాలు కావాలి. వీటన్నిటినీ ఒంట్లో పనిచేయించడానికి విటమిన్లు కావాలి, అవి చిటికెడు కంటే తక్కువే.

చిక్కేమిటంటే, కోడికి ఆకలి తీరిందని చెప్పేది ముఖ్యంగా మొదటిది. శక్తికి సరిపడా గింజలు పడితే అది తినడం ఆపేసి నీడన కూర్చుంటుంది. మిగతా మూడింటిలో లోటు ఉన్నా బయటికి కనిపించదు. మెడ కింద తిండి సంచి సాయంత్రానికి ఉబ్బెత్తుగా ఉంటుంది, చూసినవాళ్లకు "బాగా మేసింది" అనిపిస్తుంది. ఆ సంచి నిండా బియ్యమే ఉందా, గింజతో పాటు పురుగు, ఆకు, రాతిపొడి కూడా ఉన్నాయా అనేది పైనుంచి తడిమి చూస్తే తెలియదు.

మనం వేసేది ఎంత, అది ఏరుకునేది ఎంత

పెరటి కోడి తిండి అనగానే మనకు గుర్తొచ్చేది మనం చల్లే గింజలు. పాతకాలంలో ఆ గింజలు పూర్తి భోజనం కాదు, సాయంత్రం కోళ్లను గంప దగ్గరికి పిలవడానికి వేసే పిలుపు మేత. అసలు భోజనం ఊళ్లో ఉండేది. పశువుల పాకలో ఎగిరిపడిన సజ్జలు, కళ్లంలో రాలిన కొర్రలు, దిబ్బలో పుట్టే పురుగులు, వాన పడిన రాత్రి బయటికొచ్చే ఉసుళ్లు, గట్టు మీద గడ్డి చిగుళ్లు. చెదలు తవ్వుకొచ్చి కోడిపిల్లల ముందు పోయడం మా అవ్వ చేసే పని. అదేదో ముద్దుకు చేస్తున్నట్టు చూసేవాళ్లం. పిల్లలకు ఆ వయసులో బాగా కావాల్సిన మాంసకృత్తులు ఆ చెదల్లోనే ఉన్నాయని ఆమె లెక్క వేసి చెప్పలేదు గానీ, చెదలు తిన్న పిల్లలు త్వరగా ఈకలు దిద్దుకుంటాయని మాత్రం చెప్పేది.

ఇప్పుడు పిన్ని వాకిలి చూడండి. ఇంటి ముందు, వెనక నాపరాళ్లు పరిచారు. తాడిపత్రి, బేతంచెర్ల, కడప బండలు మన దగ్గర చవకే, కాబట్టి చాలా ఇళ్లలో మట్టి కనిపించదు. ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది, ఎద్దులతో పాటు దిబ్బా పోయింది. వీధి సిమెంటు రోడ్డు. చేలల్లో కొర్ర, సజ్జ ఉండే చోట ఎన్నో ఏళ్లుగా చెనక్కాయే. కోడి కాళ్లు మాత్రం ఇప్పటికీ గీరుతూనే ఉన్నాయి, బండ మీద. గీరితే వచ్చేది ఏమీ లేదు.

మనం వేసే రెండు దోసిళ్లు మారలేదు. చుట్టూ దొరికేది తగ్గిపోయి, పిలుపు మేత కాస్తా పూర్తి భోజనం అయింది. పిన్ని విషయంలో ఆ భోజనం స్టోరు బియ్యం.

ఒక పెంకు లెక్క

నాటుకోడి గుడ్డు సుమారు 40 గ్రాములు తూగుతుంది అనుకుందాం. అందులో పదో వంతు, అంటే 4 గ్రాములు, పెంకు. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్, సున్నపురాయిలో ఉండేదే. 4 గ్రాముల పెంకులో అసలు కాల్షియం ఒకటిన్నర గ్రాము దాకా ఉంటుంది. మిల్లీగ్రాముల్లో చెప్పాలంటే 1,500.

వంద గ్రాముల బియ్యంలో కాల్షియం సుమారు 10 మిల్లీగ్రాములు. ఒక్క గుడ్డు పెంకు బియ్యంతోనే తయారు కావాలంటే కోడి 15 కిలోలు తినాలి. అదీ తిన్నదంతా ఒంటికి పడితే. జొన్న, సజ్జ కొంచెం నయం, కానీ కొంచెమే. మన గింజల్లో రాగి ఒక్కటే వేరు. వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రాగితో లెక్కేస్తే 430 గ్రాములు వస్తుంది. కోడి రోజు మొత్తం తినే తిండికి అది ఐదు రెట్లు. పైగా గింజల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం కాల్షియంలో కొంత భాగాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. అంటే సంగటి ముద్ద మిగిలితే కోడికి మేలే, కానీ పెంకు మొత్తానికి దాని మీదే ఆధారపడలేం. గింజ ఏదైనా సరే, గింజల నుంచి పెంకు రాదు. నత్తగుల్లల నుంచి, మట్టిలోని సుద్ద ముక్కల నుంచి, పాత గోడల సున్నం పెచ్చుల నుంచి రావాలి.

ఇక్కడే నాకు నవ్వూ బాధా రెండూ కలిగించే సంగతి ఒకటుంది. కడప బండ సున్నపురాయి జాతిదే. పిన్ని కోళ్లు పెంకుకు కావాల్సిన సరుకు మీదే రోజంతా నడుస్తున్నాయి. నున్నగా కోసి పరిచిన బండను ముక్కుతో పొడిచి తినలేవు, అంతే.

తిండిలో కాల్షియం లేకపోతే కోడి వెంటనే తోలుగుడ్డు పెట్టదు. గుడ్డు తయారు కావడానికి ఒక రోజు పైనే పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు కట్టే చోటే ఉంటుంది, ఎక్కువ భాగం రాత్రివేళ. ఆ సమయంలో పేగుల్లో కాల్షియం దొరక్కపోతే కోడి తన ఎముకలను కరిగించి ఇస్తుంది. గుడ్లు పెట్టే పెట్టల ఎముకల లోపల దీనికోసమే ఒక ప్రత్యేకమైన ఎముక పొర ఉంటుంది. అది ఒక రకం పొదుపు డబ్బా. పగలు నింపుకోవాలి, రాత్రి తీసుకోవాలి. నింపకుండా తీస్తూ పోతే మొదట పెంకు పలచబడుతుంది, గరుకుగా మారుతుంది. తర్వాత తోలుగుడ్లు. తర్వాత గుడ్లు ఆగిపోతాయి. కొన్ని కోళ్లకు కాళ్లు పట్టు తప్పి, నిలబడలేక చతికిలబడతాయి. పలచటి పెంకు గుడ్డు పగిలి, సొన రుచి తెలిసిన కోడి తర్వాత తన గుడ్లనే పొడుచుకు తినడం మొదలుపెడుతుంది. అది చెడ్డ అలవాటుగా కనిపించే లోపం.

చాలా ఇళ్లలో దీనికి సున్నపు తేట పోసే అలవాటుంది. దాని లెక్క కూడా చూద్దాం. మామూలు వేడిలో లీటరు నీళ్లలో కరిగే సున్నం ఒకటిన్నర గ్రాము పైచిలుకు. అందులో కాల్షియం 0.9 గ్రాము. కోడి రోజుకు 200 మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 180 మిల్లీగ్రాములు, పెంకుకు కావాల్సిన దానిలో ఎనిమిదో వంతు. పాత్రను తెరిచి ఉంచితే పైన మీగడలా తెల్లటి పొర కడుతుంది, కరిగిన కాల్షియం కొంత ఆ పొరలోకి పోతుంది. కాబట్టి తేట వల్ల అసలు లాభమే లేదనలేం, కానీ దాని మీద పెట్టుకున్న నమ్మకం పెద్దది, అందులోని సరుకు చిన్నది. తేటకు బదులు ముద్ద సున్నమే పెడితే నోరు, పేగులు పొక్కుతాయి. దాణాలో కలిపేది ఈ సున్నం కాదు, కాల్చని సున్నపురాయి పొడి, ఆల్చిప్పల నూకలు. కోడి తన గుడ్ల పెంకులే నలగ్గొట్టి ఇస్తే తిరిగి తింటుంది. ఇది కొత్త కిటుకేమీ కాదు.

ఈకలు చెప్పే సంగతి

ఈక దాదాపు అంతా మాంసకృత్తే. అందుకే మాంసకృత్తులు తక్కువైన కోడి ముందు ఈకల్లో దొరికిపోతుంది. ఈకలు రాల్చుకునే కాలం వచ్చాక తిరిగి మొలవడం నెలల తరబడి సాగుతుంది, వచ్చినవి పీలగా, చివరలు చిట్లి ఉంటాయి. ఒకదాని ఈకలు ఒకటి పీకి తినే కోళ్లను చూసి "పొగరు" అంటాం. ఇరుకు, చికాకు కూడా దానికి కారణాలే, కానీ తిండిలో లోటు ఉన్నప్పుడు అది పెరుగుతుంది.

పిన్ని కోడి రోజుకు 80 గ్రాముల బియ్యం తింటుందనుకుంటే అందులో మాంసకృత్తులు 6 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేవి దాదాపు 5 గ్రాములు. తిన్నదాంట్లో సగం గుడ్డుకు చేరితే గొప్ప, ఒళ్లు నిలబెట్టుకోవడానికి కావాల్సింది అదనం. ఈ లెక్కన బియ్యం మీద బతికే కోడి రోజూ కాదు, రెండ్రోజులకొకటి కూడా పెట్టలేదు. అదే కోడికి 60 గ్రాముల బియ్యం, 20 గ్రాముల చెనక్కాయ చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి, దొరికితే మాంసకృత్తులు 13 గ్రాములు అవుతాయి. చెక్కలో 40 నుంచి 45 శాతం మాంసకృత్తులే.

అయితే మొత్తం గ్రాములు చూసుకుంటే సరిపోదు. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల నుంచి తయారవుతాయి. వాటిలో కొన్నింటిని కోడి ఒళ్లు సొంతంగా చేసుకోలేదు. ఇస్తరాకు కుట్టేటప్పుడు ఆకులు ఎన్ని ఉన్నా పుల్లలు అయిపోతే పని ఆగుతుంది కదా, అదే తీరు. గింజల్లో లైసిన్ తక్కువ. చెనక్కాయ చెక్కలో లైసిన్, మెథియోనిన్ రెండూ తక్కువే. నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగుంటుంది, లైసిన్ తక్కువ. పురుగుల్లో రెండూ ఉంటాయి. దిబ్బ పోవడం వల్ల పోయింది ఇదే.

దెబ్బ ఎక్కువగా పడేది పిల్లల మీద. పుట్టిన మొదటి వారాల్లో వాటి తిండిలో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉండాలి. మనం వేసే నూకల్లో 8 శాతం లోపే. పిల్లలు చావవు, కానీ నెల దాటినా గుప్పెడంతే ఉంటాయి. తర్వాత గద్దకో, పిల్లికో, వానకో పోతాయి. పోయిన కారణం గద్ద అనే అంటాం.

నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే చిన్న మొక్క గురించి, మునగాకు గురించి ఈ మధ్య బాగా చెబుతున్నారు. రెండూ మంచివే. అజొల్లాలో 20 శాతం పైన మాంసకృత్తులు అన్న మాట నిజమే గానీ, అది ఎండబెట్టాక లెక్క. తొట్టిలోంచి తీసిన కిలో పచ్చి అజొల్లాలో 930 గ్రాములకు పైగా నీళ్లే. మిగిలిన దానిలో మాంసకృత్తులు 15 గ్రాములు ఉంటే ఎక్కువ. అంటే అది గింజలకు తోడు, గింజలకు బదులు కాదు.

బటావియా కోళ్లు, తెల్ల బియ్యం

బియ్యం ఒక్కటే పెడితే కోడికి ఏమవుతుందో ప్రపంచానికి తెలిసింది అనుకోకుండా. 1890ల్లో క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్ వైద్యుడు జావాలోని బటావియాలో, ఇప్పటి జకార్తాలో, బెరిబెరి జబ్బుకు కారణం వెతుకుతున్నాడు. కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతినే జబ్బు అది. సూక్ష్మజీవి వల్ల వస్తుందని అప్పట్లో నమ్మకం. ఆయన ప్రయోగశాల కోళ్లు ఉన్నట్టుండి తూలడం మొదలుపెట్టాయి, కాళ్లు నిలవలేదు. కొన్నాళ్లకు వాటంతట అవే కోలుకున్నాయి.

ఆరా తీస్తే తేలింది: కోళ్లు తూలిన రోజుల్లో వాటికి వేసింది సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్ల అన్నం. తర్వాత వంటవాడు మారాడు. కొత్తాయన సైన్యం బియ్యం మామూలు కోళ్లకు పెట్టేది లేదన్నాడు. మళ్లీ పొట్టు తీయని బియ్యం వేశారు, కోళ్లు లేచి నడిచాయి. తెల్ల బియ్యంలో ఏదో విషం ఉందని, తవుడులో దానికి విరుగుడు ఉందని ఐక్మన్ మొదట అనుకున్నాడు. తర్వాత గెరిట్ గ్రైన్స్ అసలు సంగతి పట్టుకున్నాడు. ఉన్నది విషం కాదు, లేనిది ఏదో ఉంది. ఆ లేనిదే ఈరోజు మనం థయమిన్, అంటే విటమిన్ బి1, అంటున్నది. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వంటవాడి పేరు మాత్రం ఎవరూ చెప్పుకోరు.

మన పెరట్లో ఇంత తీవ్రంగా రావడం అరుదు, ఎందుకంటే బండల మధ్య సందుల్లోనైనా కోడి ఏదో ఒకటి ఏరుకుంటుంది. గంప కిందే, గూట్లోనే ఉంచి తెల్ల బియ్యం, నూకలే వేసే చోట వస్తుంది. మెడ వెనక్కి విరిగి ఆకాశం చూస్తున్నట్టు కూర్చుంటాయి. తవుడు వేస్తే బి1 దొరుకుతుంది. కానీ తవుడులో నూనె ఎక్కువ, మరలో పట్టిన కొద్ది రోజులకే ముక్కిపోతుంది. ముక్కిన తవుడు విటమిన్ ఇ ని పాడుచేస్తుంది. మందు ముక్కిపోతే కొత్త రోగం తెస్తుందన్నమాట.

పిల్లల కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి, అవి మడమల మీద కూర్చుని జరుగుతుంటే అది బి2, రైబోఫ్లావిన్ లోటు కావచ్చు. ఆకుకూరల్లో, మజ్జిగలో బి2 ఉంటుంది. మిగిలిన మజ్జిగ అన్నం దాకలో కోడిపిల్లలు ముక్కులు పెట్టడం వెనక రుచి ఒక్కటే లేదు.

రోగమా, తిండా: ఎందుకు తికమక

పిన్ని భయం దగ్గరికి మళ్లీ వద్దాం. తిండి లోపాలకు, అంటురోగాలకు లక్షణాలు చాలాచోట్ల ఒకేలా ఉంటాయి. మెడ తిరిగితే బి1 లోటు కావచ్చు, కొక్కెర తెగులు కావచ్చు. కొక్కెర తెగులునే రాణిఖేత్ అంటారు. కాళ్లు చచ్చుబడితే బి2 లోటు కావచ్చు, మారెక్స్ వ్యాధి కావచ్చు. కళ్లు ఉబ్బి, రెప్పలు అతుక్కుని, జున్ను లాంటి తెల్లటి పదార్థం పేరుకుంటే విటమిన్ ఎ లోటు కావచ్చు, జలుబు తెగులు కొరైజా కావచ్చు. తోలుగుడ్లు కూడా అంతే. కాల్షియం లోటు, ఎండ వేడి, కుక్క తరిమిన భయం, కొన్ని వైరస్ జబ్బులు, కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట తడబాటు, అన్నీ ఇదే గుడ్డును పెట్టిస్తాయి.

తేడా ఎక్కువగా వేగంలో కనిపిస్తుంది. కొక్కెర తెగులు వస్తే రెండు మూడు రోజుల్లో వరసగా పడిపోతాయి, ఆకుపచ్చ విరేచనాలు, నోరు తెరిచి ఊపిరి. పక్కింటి కోళ్లు, ఎదురింటి కోళ్లు కూడా. తిండి లోపం నెమ్మదిగా వస్తుంది, ఒకే ఇంట్లో, అదీ గుడ్లు పెట్టే పెట్టలు, చిన్న పిల్లలు ముందు. పుంజులు నిక్షేపంగా తిరుగుతుంటాయి, వాటికి పెంకు కట్టే పని లేదు కదా. పిన్ని ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. ఏడు పెట్టల్లో రెండింటికే తోలుగుడ్లు. పుంజు తెల్లారి నాలుగింటికే ఊరు లేపుతోంది.

అయితే ఈ గీత కూడా శుభ్రంగా ఉండదు. విటమిన్ ఎ తగ్గితే నోరు, ముక్కు, ఊపిరి గొట్టాల లోపలి పొర దెబ్బతిని క్రిములకు దారి దొరుకుతుంది. మాంసకృత్తులు తక్కువైన కోడికి టీకా వేసినా ఒళ్లు దానికి సరిగా స్పందించదు. పేగుల్లో పురుగులుంటే తిన్నది వాటికే పోతుంది, కాబట్టి మంచి తిండి తిన్న కోడిలోనూ లోపం లక్షణాలే కనిపిస్తాయి. అందువల్ల "తిండి వల్లే" అనే పక్కింటాయన మాట, "రోగం వల్లే" అనే పిన్ని మాట రెండూ ఒకే కోడి విషయంలో నిజం కావచ్చు. ఒకేసారి ఎక్కువ కోళ్లు చచ్చిపోతుంటే మాత్రం ఇంట్లో కూర్చుని తేల్చుకునే సంగతి కాదు, చచ్చిన కోడిని కోసి చూసే పశువైద్యుడే చెప్పగలడు.

పచ్చసొన రంగు గురించి ఒక్క మాట. ముదురు పసుపు ఉంటే బలమైన గుడ్డని, తెల్లబోతే సారం లేదని అంటారు. ఆ రంగు ఆకులు, పచ్చ మొక్కజొన్నలోని రంగు పదార్థాల నుంచి వస్తుంది. కోడికి పచ్చి ఆకు దొరుకుతోందా లేదా అన్నది అది చెబుతుంది. మాంసకృత్తుల సంగతి గానీ, కాల్షియం సంగతి గానీ చెప్పదు.

ఏరేసిన చెనక్కాయలు

అనంతపురం జిల్లాలో ఈ చర్చ చెనక్కాయ దగ్గరికి రాకుండా ముగియదు. కాయలు ఒలిచే రోజు ఏ ఇంటి ముందైనా నిలబడి చూడండి. చేటలో మంచి విత్తనం ఒకవైపు, ముడతలు పడినవి, నల్లమచ్చవి, పచ్చటి బూజు పొడి అంటుకున్నవి ఇంకోవైపు. మంచివి సంచిలోకి. మిగతావి కోళ్లకు. పారేయడం పాపం కదా.

ఆ పచ్చటి బూజు చాలాసార్లు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. అది తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్. కాయ ఊరే చివరి వారాల్లో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే, భూమిలో ఉండగానే కాయకు అంటుకుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో అలాంటి ఏళ్లకు కొదవ లేదు. పీకి వామి వేశాక అకాల వాన తడిపినా, ఆరకముందే సంచులకెత్తినా ఇదే కథ.

ఈ విషం సంగతి తెలిసింది కూడా కోళ్ల జాతి పక్షుల వల్లే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. ఏ జబ్బో తెలియక దానికి "టర్కీ ఎక్స్ వ్యాధి" అని పేరు పెట్టారు. చివరికి దోషి బ్రెజిల్ నుంచి వచ్చిన చెనక్కాయ చెక్క అని తేలింది.

మన కోడి టర్కీ కంటే, బాతు కంటే గట్టిది. ఒక్కరోజు నాలుగు బూజు గింజలు తిన్నందుకు పడిపోదు. రోజూ కొంచెం కొంచెం తింటే కార్జం దెబ్బతింటుంది, ఒంటికి తిండి పట్టదు, గుడ్లు తగ్గుతాయి. రోగాన్ని తట్టుకునే శక్తి, టీకా పనితీరు కూడా పడిపోతాయి. కోడిని కోసినప్పుడు కందనకాయ పక్కనున్న కార్జం ఎర్రగా గట్టిగా కాకుండా పాలిపోయి, పసుపుగా, వేలితో నొక్కితే చితికేలా ఉంటే ఒక అనుమానం ఇదే. కొవ్వు పట్టిన కార్జం కూడా అలాగే ఉంటుంది కాబట్టి అది అనుమానమే, తీర్పు కాదు.

ఎంత విషమైతే చెడు చేస్తుంది? కోళ్ల దాణాకు మన దేశంలో ప్రమాణం కిలోకు 20 మైక్రోగ్రాములు. టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు, అంటే సుమారు ఒక బియ్యపు గింజ బరువు. కంటితో చూసి చెప్పగలిగేది కాదు. బూజు తుడిచేసినా లోపలి విషం ఉంటుంది. ఉడికించినా, వేయించినా చాలావరకు నిలిచే ఉంటుంది. గానుగ ఆడిస్తే నూనెలోకి కొద్దిగానే పోతుంది, ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. పై లెక్కలో మాంసకృత్తుల కోసం మెచ్చుకున్న అదే చెక్క. ఏ కాయల నుంచి వచ్చిందో, ఎలా ఆరిందో, ఎక్కడ నిల్వ ఉందో అన్నదాన్ని బట్టి అది మందు కావచ్చు, విషం కావచ్చు.

ఎక్కువైనా లోపమే

లోటు గురించే మాట్లాడుకుంటున్నాం గానీ అవతలి వైపు కూడా ఉంది. గుడ్ల కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. అదే దాణా తక్కువలో వచ్చిందని కోడిపిల్లలకు వేస్తే వాటి మూత్రపిండాలు ఆ బరువు మోయలేవు. పుంజులకు కూడా అంత అవసరం లేదు. తిరగడానికి చోటు లేని పెట్టకు గింజలు, అన్నం దండిగా పడితే కార్జంలో కొవ్వు పేరుకుంటుంది, ఎండల్లో ఉన్నట్టుండి చచ్చిపోతుంది. బాగా బలిసిన కోడి ఎందుకు పోయిందో ఇంట్లోవాళ్లకు అర్థం కాదు. ఊరగాయ జాడీ కడిగిన నీళ్లు, పాడైన వడియాలు వేస్తే ఉప్పు దెబ్బ, అందులోనూ తాగడానికి నీళ్లు తక్కువైనప్పుడు.

"నాటుకోడికి ఎవరు పెట్టారు?" అన్న వాదన

పెద్దవాళ్లు చెప్పేది ఇది: నాటుకోడి తనకు కావాల్సింది తనే ఏరుకుంటుంది, దాణా సంచులు ఫారం కోళ్లకు. దీన్ని కొట్టిపారేయలేం. గుడ్డు పెట్టే కోళ్ల ముందు ఆల్చిప్పల నూకలు విడిగా ఉంచితే, పెంకు కట్టే రోజు సాయంత్రం ఎక్కువగా తింటాయి. కాల్షియం కోసం వాటికి ఒక ప్రత్యేకమైన ఆకలి ఉంది. కాబట్టి మాట నిజమే, ఒక షరతు మీద: ఏరుకోవడానికి ఉండాలి. ఆ వాదన పుట్టిన రోజుల్లో ఉండేది.

దాణా వాడమనే వాళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ రకం కోడి పెరట్లోనే దానికి రెండు మూడు రెట్లు పెడుతుంది, అదే సంస్థ తెచ్చిన వనరాజా రకం బరువు బాగా వస్తుంది. ఇలాంటి కోళ్లను తెచ్చి నాటుకోడి తిండే పెడితే రెండు గుడ్లకు సరిపడా సరుకుతో ఆరు గుడ్లు కట్టమన్నట్టు. వాటికి అదనంగా పెట్టక తప్పదన్నది నిజం. కానీ పూర్తి దాణా మీద పెంచితే ఖర్చు పెరుగుతుంది, ఇంట్లో మిగిలేదానితో గుడ్లు తినే కుటుంబానికి అది గిట్టుబాటు కాదు. దాణా తిన్న కోడికి నాటు రుచి రాదని, అమ్మితే ఆ ధర రాదని అనేవాళ్లూ ఉన్నారు.

నాకైతే ఈ రెండు వాదనలు రెండు వేర్వేరు కోళ్ల గురించి, రెండు వేర్వేరు వాకిళ్ల గురించి అనిపిస్తుంది. మట్టి నేల, చెట్టు, పశువులు ఉన్న ఇంట్లో ఐదు నాటుకోళ్లు వేరు. నాపరాళ్ల వాకిట్లో పది గ్రామప్రియ పెట్టలు వేరు. మొదటి ఇంటి అనుభవాన్ని రెండో ఇంటికి సలహాగా ఇవ్వడం వల్లే గొడవ వస్తుంది.

ఎండ చేసే పని

మన ఎండాకాలం ఈ లెక్కలన్నిటినీ ఇంకాస్త తారుమారు చేస్తుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పి ఒళ్లు చల్లార్చుకుంటుంది. రొప్పేటప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. పెంకులోని కార్బొనేట్ తయారీకి అది కావాలి. పైగా వేడికి తిండి తగ్గిస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది. 42 డిగ్రీల ఎండలో మంచి తిండి తినే కోడి పెంకు కూడా పలచబడుతుంది. అంచు మీదున్న కోడి అయితే తోలుగుడ్డు పెడుతుంది.

పిన్ని గుడ్డుకు ఇవన్నీ కలిసి ఉంటాయి: బండల వాకిలి, స్టోరు బియ్యం, మే నెల. బాబాయి వేపచెట్టు కింద రెండు నాపరాళ్లు లేపేశాడు, అంట్లు తోమిన నీళ్లు అటు పోయేలా చేశాడు. ఇప్పుడు తెల్లారేసరికి ఏడు పెట్టలూ అక్కడే గీరుతున్నాయి. గుడ్డు పెంకులు ఎండబెట్టి రోట్లో నలగ్గొట్టి పిన్ని ఒక చిప్పలో పెడుతోంది. నెల తిరిగేసరికి తోలుగుడ్లు ఆగాయి. ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను, ఆ నెలలోనే మొదటి వానలు కూడా పడ్డాయి.